ఉర్దూ వైపు నుంచి

నాగవేణికి వాళ్లమ్మ ఫొటో ఒక్కటే ఉంది. నిజానికి అది ఫొటో కూడా కాదు, ఎప్పటిదో పేపర్ కటింగ్. వరదలొచ్చిన ఏడాది బళ్లో గంజి పోస్తుంటే వరసలో నిలబడ్డ జనం. అందులో అమ్మ. ఆ ఏడాదే విషజ్వరమొచ్చి చనిపోయింది.

బొమ్మలో అమ్మ తల వంచుకుని ఉంటుంది. నాగవేణి భూతద్దం పెట్టి ఆ మొహమొక్కటే చూస్తూ పెరిగింది. ఎన్నిసార్లు చూసినా అమ్మ తనవైపు చూడదు. అదే ఆ పిల్ల దిగులు.

కడపలో ఖలందర్ సాబ్ దగ్గర ఆమె పని నేర్చుకునేది. ఆయన పనే ఒక వింత. కొత్త ఫొటో ఒక్కటీ తీసేవాడు కాదు. పాత క్యాలెండర్లలో, పోస్టర్లలో, చిత్తు పేపర్లలో అచ్చయిన బొమ్మల్నే కోసి, గీకి, మళ్లీ ఫొటో తీసి పుస్తకాలు కుట్టేవాడు. ఇదేం పిచ్చయ్యా అంటే, "ఉన్న బొమ్మల్నే ఎవరూ సరిగ్గా చూడలేదు, కొత్తవెందుకు?" అనేవాడు.

నాగవేణి కూడా తన కటింగ్‌తో ఓ పుస్తకం మొదలుపెట్టింది. మొదటి పేజీలో మొత్తం బొమ్మ. అక్కణ్ణించి పేజీ పేజీకీ పెద్దది చేసుకుంటూ అమ్మ దగ్గరికి జరిగింది. ముందు జనాన్ని తీసేసింది. తర్వాత అమ్మ ముందున్న రెండు జడల పిల్లని. తర్వాత చెయ్యి, భుజం. మొహం దగ్గరికొచ్చేసరికి అచ్చు చుక్కలు చుక్కలుగా విడిపోయింది. అయినా ఆగిందా? ఆగలేదు. చివరి పేజీలో, కన్ను ఉండాల్సిన చోట, ఒక్క నల్లచుక్క మిగిలింది.

కుట్టిన పుస్తకం తెచ్చి సాబ్ ముందు పడేసింది.

"ఎంత దగ్గరికి పోతే అంత మాయమైపోతాంది సాబ్. ఇంక ఎవరివో కళ్లు కోసి అతికిస్తా. నావైపు చూస్తే చాలు నాకు."

అంటూనే ఏడ్చేసింది. పాపం, ఏడవక ఏం చేస్తుంది?

సాబ్ ఓదార్చలేదు. మొదటి పేజీ చూసి అడిగాడు.

"ఈ జడల పిల్ల ఎవరు?"

"నేనే. నా బుర్ర రోజూ అద్దంలో చూస్తానే ఉండా కదా. దాంతో ఏం పని?"

సాబ్ లుంగీకి చేతులు తుడుచుకున్నాడు. పుస్తకాన్ని ఉర్దూ పుస్తకంలా వెనక అట్ట వైపు నుంచి తెరిచాడు.

"అయ్యో, అది చివర సాబ్!"

"నీకు చివర. మా అమ్మ నాకు చదువు ఈ పక్క నుంచే మొదలుపెట్టింది."

నల్లచుక్క. పేజీ తిప్పాడు. ఇంకొన్ని చుక్కలు. మళ్లీ తిప్పాడు. చుక్కలన్నీ దగ్గరికి చేరి చెంపయ్యాయి. వంచిన మొహం వచ్చింది. భుజం వచ్చింది. భుజం నుంచి కిందికి దిగిన చెయ్యి వచ్చింది. ఆ చెయ్యి ఎవరి తలమీదో ఆని ఉంది.

ఇంకో పేజీ.

రెండు జడల పిల్ల గంజి గిన్నెలోకి చూస్తోంది. అమ్మ ఆ పిల్లని చూస్తోంది.

నాగవేణి ఏడుపు ఆగిపోయింది.

"చూస్తానే ఉంది కదమ్మా," అన్నాడు సాబ్. "నువ్వే గంజి చూసుకుంటా ఉండావు."