వాయి దిగేదాకా

చెన్నకేశవులికి మనసు ఒక్కచోట నిలవదు. ఆ సంగతి వాడికీ తెలుసు, ఊరికీ తెలుసు.

ఇరవై మూడేళ్ళకే నలుగురు గురువుల్ని చూసొచ్చాడు. ఒకాయన దగ్గర ధ్యానం, ఒకాయన దగ్గర భజన, మూడో ఆయన దగ్గర మౌనం. మౌనం తొమ్మిదో రోజుకే విసుగేసింది. నాలుగో ఆయన ఏం చెప్పాడని అడిగితే తల గోక్కుంటాడు. ఐదో ఆయనే మీరా తాత.

తాత అసలు పేరు నాగుల్ మీరా. దూదేకి, పరుపులు కుట్టి బతికిన మనిషి. కృష్ణ ఒడ్డున రేవులపాడులో, చిన్న దర్గా పక్కన పాకలో ఉంటాడు. కష్టం వచ్చినవాళ్ళు ఏ కులమైనా, ఏ మతమైనా ఆ పాకలో కాసేపు కూచుని పోతారు. ఆయన పెద్దగా ఏమీ చెప్పడు. చెన్నా వచ్చిన మొదటిరోజున మాత్రం ఒక ముక్క చెప్పాడు.

"తెల్లారగట్ల లేచి కూచోరా. నీకిష్టమైన పేరొకటి తలుచుకో. అంతే."

అంతేనా అంటే అంతే.

మూడు నెలలు గడిచాయి. చెన్నా కూచుంటూనే ఉన్నాడు. లేస్తూనే ఉన్నాడు.

శరత్తు వచ్చాక మరీ కష్టమైపోయింది. వానలు వెనక్కి తగ్గాయి. ఆకాశం ఉతికి ఆరేసినట్టుండేది. రేవు పొడుగునా రెల్లు పూసి, పొద్దుటి మంచులో ఏది పువ్వో ఏది మంచో తెలిసేది కాదు. ఆ మంచులోంచి, ఎక్కడో మూకుట్లో గారెలు వేగుతున్న వాసన మెల్లిగా నడిచొచ్చి వాడి పక్కన కూచునేది. ఇక పేరు సగంలో ఆగిపోయేది. కాళ్ళు వాటంతటవే లేచేవి.

పొద్దెక్కేలోపు మూడు కొట్లూ చుట్టేసేవాడు. రేవు దగ్గర కోటమ్మ పాక. బస్టాండు ఎదురుగా వెంకట్రామయ్య హోటలు. మిల్లు వెనకాల నాంచారమ్మ పాకం గారెలు. తిరిగొచ్చేటప్పుడు ఎవరన్నా ఆపి "ఏరా, ఇవాళ ఎక్కడ బాగున్నయ్?" అంటే జడ్జీగారిలాగా చెప్పేవాడు.

"కోటమ్మ గారె మెత్తబడిపోయింది మామా. హోటల్లో రాయి. నాంచారమ్మది పైపైనే తీపి, లోపల చప్పన. అసలు గారె ఈ ఊళ్ళో లేదు."

గురువుల గురించీ వాడి మాట ఇంచుమించు ఇలాగే ఉండేది.

ఒకరోజు వాడి చెవిన ఒక కబురు పడింది. ఏటి అవతల ఎవరో స్వామి వచ్చాడట. నుదుటి మీద వేలు పెడితే చాలు, లోపల దీపం వెలుగుతుందట. మర్నాడు పొద్దున్నే సంచి భుజాన వేసుకుని తాత ముందు నిలబడ్డాడు.

"ఎనిమిదింటి లాంచీకి పోతాను తాతా. మీ మీద కోపం లేదు. నాకిక్కడ ఏమీ జరగటంలా."

తాత సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"పో నాయనా."

ఆయన వద్దంటాడని చెన్నా ఎక్కడో ఆశపడ్డాడు. వద్దంటే దెబ్బలాడి పోయేవాడు. పొమ్మన్నాక గుమ్మం దాటలేకపోయాడు. అవతల కూడా ఇంతే అయితే? ఆరో ఆయన దగ్గర కూడా నామం సగంలోనే ఆగిపోతే? తనలో నిలవగలిగింది అసలు ఉందా? సంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

తాత సూది పక్కన పెట్టాడు. "పొయ్యేముందు నాకో మంచి గారె తినిపిస్తావా? ఊళ్ళో కొట్లన్నీ నీకేగా తెలుసు."

"రండి తాతా!" చెన్నాకి ఊపిరొచ్చింది. ఆయనకి కర్ర అందించి, ముందు నడిచాడు.

కోటమ్మ అప్పుడే పొయ్యి రాజేసి, మూకుడు పెట్టింది. తాతని చూసి కొంగు సర్దుకుని బల్ల తుడిచింది.

"తాతే నా పాకకొచ్చాడే! కూచో తాతా. పళ్ళెంలోయి నిన్నటియి, అయ్యొద్దు నీకు. ఒక్క వాయి దింపి పెడతా."

తడిపిన ఆకు మీద పిండి ముద్ద పెట్టి, బొటనవేలితో నడుమ చిల్లు పొడిచి, నూనెలోకి జార్చింది. ఒకటి, రెండు, మూడు. మూకుడు నిండా వాయి పడింది. నూనె గలగలమంది.

తాత లేచాడు.

"పోదాం పదరా. హోటల్లో ఇంకా బాగుంటాయేమో."

"అదేంది తాతా, ఇప్పుడేగా ఏసింది!"

"బాగుండకపోతే?" అన్నాడు తాత, అప్పటికే వీధిలోకి దిగి.

కోటమ్మ జల్లిగరిటె ఎత్తి పట్టుకుంది. "ఏంది తాతా, నువ్వూ వీడి తోవే పట్టావా? ఈ సన్నాసి ఏ రోజన్నా నా పాకలో వాయి దిగేదాకా ఆగాడా? పళ్ళెంలో చల్లబడ్డది నోట్లో కుక్కుకుని పోతాడు. పోయి, కోటమ్మ గారె మెత్తబడిందని ఊరంతా చాటతాడు!"

చెన్నాకి చెవులు వేడెక్కాయి. తాత అప్పటికే మలుపు తిరిగాడు. కర్ర ఊతతో నడిచే మనిషి, ఇవాళ అందడం లేదు.

హోటల్లో వెంకట్రామయ్య స్వయంగా ఆకులు వేశాడు. చెన్నాకి కడుపులో ఎలకలు పరిగెత్తుతున్నాయి. తాత తినకుండా తాను తినడం ఎట్లా? నీళ్ళు చల్లుకుని, లోపల నూనె చప్పుడు వింటూ కూచున్నాడు. వంటాయన ఇనప చువ్వకి నాలుగు గారెల్ని చిల్లుల్లోంచి గుచ్చి పైకెత్తాడు. వాటి నుంచి నూనె బొట్లు జారుతున్నాయి. ఆవిరి లేస్తోంది.

"చెన్నా, నువ్వు పాకం గారెలని ఏదో చెప్పావే?" అని తాత లేచాడు.

"వస్తున్నాయి తాతా, అయిగో, కళ్ళ ముందే..."

"పాకంవి ఇంకా బాగుంటాయేమో."

వెంకట్రామయ్య చేతిలో సాంబారు గరిటె అట్లాగే ఆగిపోయింది. ఆకు ముందు నుంచి ఎవరన్నా లేచిపోతే ఆయనకి అవమానం. తాతని ఏమీ అనలేక చెన్నా వైపు ఉరిమి చూశాడు. చెన్నా ఆయనకో దండం పెట్టి బయటికొచ్చాడు. మంచు విడిపోతోంది. ఎండ పడి రెల్లుపూలు కళ్ళలో గుచ్చుకుంటున్నాయి. ఎనిమిదయ్యేందుకు ఎంతోసేపు లేదు. ఒక కన్ను రేవు మీద, ఒక కన్ను తాత మీద. ఈ ముసలాయనకి ఏమైందివాళ?

నాంచారమ్మ డెబ్భై ఏళ్ళ మనిషి. రెండు పొయ్యిలు. ఒకదాని మీద నూనె, ఒకదాని మీద బెల్లం పాకం. యాలకుల వాసన వీధి చివరిదాకా ఉంది. ఆమెకి తొందర అనే మాటే తెలియదు. గారె నూనెలోంచి తీసి పాకంలో వేసింది. అది చుయ్‌మని మునిగింది.

"ఇచ్చెయ్ అవ్వా, ఇచ్చెయ్" అన్నాడు చెన్నా.

"ఉండరా. పాకం పీల్చుకోవద్దూ? నీకెప్పుడూ ఇదే గోల. మునిగీ మునగంగానే లాక్కుపోతావు. పైన తీపి, లోపల చప్పన ఉండక ఏముంటది?"

చెన్నా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పక్కన కర్ర నేలకి తగిలిన చప్పుడైంది. తాత లేస్తున్నాడు.

"ఏటి అవతల కూడా గారెలు వేస్తారు గదరా? అవి ఇంకా..."

చెన్నా ఒక్క ఉదుటున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. గురువు చెయ్యి అట్లా గుంజి పట్టుకోకూడదని కూడా తోచలేదు.

"కూచోండి తాతా! పొద్దున్నించి మూడు కొట్లు తిప్పారు, ఒక్కటన్నా నోట్లో పెట్టుకున్నారా? ఎక్కడా వాయి దిగనియ్యరు. దిగేదాకా కూచోకుండా బాగుందో లేదో ఎట్లా తెలుస్తది మీకు? ఇది దిగేదాకా ఇక్కడి నుంచి కదిలారంటే నా మీద ఒట్టే!"

తాత వాడి ముఖంలోకి చూశాడు. తర్వాత, మందలింపు తిన్న పిల్లాడిలాగా బుద్ధిగా కూచున్నాడు.

నాంచారమ్మ పాకాన్ని కలిపింది. ఇంకో వాయి నూనెలోకి జార్చింది.

చెన్నా చెయ్యి ఇంకా ఆయన చేతి మీదే ఉంది. తన గొంతు తన చెవుల్లోనే తిరుగుతోంది. ఆ మాటలు తాను అసలు ఎవరితో అన్నాడో...

రేవు వైపు నుంచి లాంచీ కూత వినబడింది. ఒకటి. కాస్త ఆగి ఇంకొకటి. మూడోదానికి కదులుతుంది. సంచి భుజం మీదే ఉంది. చెన్నా కాళ్ళు అలవాటుగా కదిలాయి. మడమలు నేలకి నొక్కి పట్టి, మూకుట్లోకి చూశాడు. గారె ఎట్లా వేగుతుందో వాడు అంతవరకూ ఎప్పుడూ చూడలేదు. వెయ్యగానే అడుక్కి పోతుంది. పోయి కనబడదు. కాసేపటికి తనంత తానే పైకి తేలి, చిల్లు చుట్టూ బుడగలు కట్టి, మెల్లిగా రంగు తిరుగుతుంది. ఆ మెల్లిగా అనేది ఎంతసేపో! ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. లేవాలనిపించింది. లేవలేదు. మళ్ళీ అనిపించింది.

మూడో కూత ఎప్పుడు వేసిందో వాడికి వినబడలేదు. లాంచీ వెళ్ళిపోయి ఉంటుంది.

నాంచారమ్మ రెండు దొన్నెల్లో చెరొకటి వేసిచ్చింది. పాకం తాగి ఉబ్బి, తేనె రంగులో బరువుగా ఉన్నాయి.

చెన్నా సగానికి కొరికాడు. కొరికి గిలగిల్లాడిపోయాడు. లోపలున్న పాకం నిప్పులా నాలుక్కి అంటుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఎట్లా ఉందిరా?" అన్నాడు తాత.

"కాలింది తాతా. నోరంతా కాలిపోయింది."

తాత తన గారెని తుంచి, ఊదుకున్నాడు.

"ఇంకా సగముంది" అన్నాడు.