గవరయ్య దీక్ష

"గురువుగారూ, గవరయ్య గారికి వచ్చిన వైరాగ్యం నాకెప్పుడొస్తుంది?" అని అడిగాడు సోమలింగం.

అడిగింది మా అప్పలస్వామి గారిని. నెలన్నర పాటు కొండ అవతలి శిష్యుల ఊళ్ళన్నీ తిరిగి, ఆయన ఆ ఉదయమే ఆశ్రమానికి వచ్చారు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నారో లేదో, ఈ ప్రశ్న. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. వేదాంతం అడగడానికి వెళ్ళి గోడకు సున్నం వేసి వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

సోమలింగం నలభై దాటిన మనిషి. బడిపంతులు ఉద్యోగం వదిలి తొమ్మిదేళ్ళుగా ఆశ్రమంలో ఉంటున్నాడు. మంచివాడే కానీ మడీ శుచీ అంటే ప్రాణం. పక్కవాడి గ్లాసు తన గ్లాసుకు తగిలితే చాలు, లేచి వెళ్ళి తోముకొచ్చేవాడు.

ఇక గవరయ్య గారు. ముప్పై ఏళ్ళు తెల్లవారకముందే తత్వాలు పాడి మమ్మల్ని నిద్ర లేపిన గొంతు ఆయనది. రెండున్నర నెలల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి ఉత్తరపు గదిలో మంచం వేశాం. మొదట్లో చోడి అంబలి, అదే రాగి జావ, పడితే తాగేవారు. రానురాను చెంచా దగ్గరికి రాగానే పెదవులు బిగించడం, మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. బతిమాలితే ఎడమ చేత్తో తోసేసేవారు.

దాన్ని దీక్ష అని మొదట అన్నది సోమలింగమే. "ఆహారం మీద ఆశ తెగిపోయింది, ఇది విసర్జన" అన్నాడు. ఆ మాట మా ధర్మకర్త సన్యాసినాయుడు గారి చెవిన పడింది. ఆయన చెవిన పడిన మాట మర్నాటికల్లా ఫ్లెక్సీ అవుతుంది. గేటు దగ్గర గవరయ్య గారి ఫొటో వేసి, 'ఆహార విసర్జన మహాదీక్ష' అని అడుగెత్తు అక్షరాలతో కట్టించారు. చుట్టుపక్కల ఊళ్ళ జనం వచ్చి, మంచం చుట్టూ భజన చేసి, ఆ పడిపోయిన కాలికి మొక్కి వెళ్ళేవారు. ఏకాదశి నుంచి తులసి తీర్థం తప్ప ఇంకేదీ ఆ గదిలోకి వెళ్ళకూడదని కూడా తీర్మానించారు. దీక్షలో ఉన్నవారి ముందు అన్నం పెట్టడం పాపమట. గురువుగారు వచ్చిన రోజు అష్టమి. అంటే మధ్యలో ఉన్నవి రెండే రోజులు.

అప్పట్లో వంటశాల నా చేతిలో ఉండేది. ముట్టకుండా తిరిగొచ్చిన అంబలి గిన్నెను రోజూ నేనే కడిగాను. ఎందుకు తిరిగొచ్చిందని ఒక్క పూటైనా వెళ్ళి చూడలేదు. తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

గురువుగారు ప్రశ్న విన్నారు. లేచి ఉత్తరపు గదిలోకి వెళ్ళి, గవరయ్య గారి ఎడమ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని వచ్చారు.

"దీక్ష పట్టానని గవరయ్య చెప్పాడా?" అన్నారు.

"మాట లేదు కదండీ. మేమే గ్రహించాం."

"అయితే వెళ్ళి ఆయన్నే అడిగి రా. ఏకాదశి దాకా ఆయన పనులన్నీ నువ్వే చెయ్యి. పైడమ్మ ఎలా చెబితే అలా చెయ్యి."

పైడమ్మది పక్క ఊరు. పట్నం ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు ఆయాగా చేసి మానేసిన మనిషి. గురువుగారు కబురు పెడితే ఆ మధ్యాహ్నమే వచ్చింది. వస్తూనే భజన వాళ్ళను బయటికి పంపి, కిటికీలు తెరిచి, మంచం దగ్గర వంగి ఆగిపోయింది.

"ఏటి బాబూ, ఈ వాసన ఎన్నాళ్ళ నుంచి?"

"ఉపవాసం ఉన్నవాళ్ళ నోరు అలాగే ఉంటుందమ్మా" అన్నాడు సోమలింగం. "రోజూ తులసి తీర్థంతో పెదాలు తుడుస్తూనే ఉన్నాం."

"పెదాలు సరే. లోపట ఎవులైనా సూసినారేటి?"

సోమలింగం ఒక అడుగు వెనక్కి వేశాడు. "నోట్లో వేలు ఎలా పెడతాం? ఎంగిలి కదా."

"ఆ నోట్లోంచి ఒచ్చిన పాటకి ముప్పై ఏళ్ళు దణ్ణాలెట్టినారు గదా. నోటి కాడికొచ్చీసరికి ఎంగిలైపోనాదేటి?"

పైడమ్మ గుమ్మంలో నిలబడ్డ నా చేత అంబలి గిన్నె తెప్పించి, దూరంగా పట్టుకుని అటూ ఇటూ నడిచింది. గవరయ్య గారి కళ్ళు గిన్నె వెంటే తిరిగాయి. చెంచా తీసి దగ్గరికి తేగానే ఆ కళ్ళు బెదిరిపోయి గట్టిగా మూసుకున్నాయి.

"తిండి ఒద్దనుకున్నోడు గిన్ని కాసి అలగ సూడడు బాబూ. ఆకలుంది. బయ్యమూ ఉంది" అంది.

ఆ పూట నుంచే పని మొదలైంది. గవరయ్య గారిని దిండ్ల ఆసరాతో నిటారుగా కూర్చోబెట్టి, నీళ్ళు గొంతులోకి పోకుండా గడ్డం కొంచెం కిందికి దించి, స్పర్శ తెలిసే ఎడమ పక్కన సోమలింగాన్ని కూర్చోబెట్టింది. చిన్నపిల్లల మెత్తటి బ్రష్షు తెప్పించి, ముందు దాన్ని గవరయ్య గారి చేతిలోనే పెట్టి చూడనిచ్చింది. బలవంతంగా నోరు తెరవొద్దని, చెయ్యబోయేది ముందు చెప్పి చెయ్యమని సోమలింగానికి నేర్పింది. సోమలింగం తడి గుడ్డతో పెదవులు తుడిచాడు. బుగ్గలు నిమిరాడు. పెదవి మూల నుంచి వేలు లోపలికి పోనివ్వగానే గవరయ్య గారు కసుక్కున కొరికారు. రక్తం వచ్చింది. సోమలింగం నూతి దగ్గరికి పరుగెత్తి నాలుగు బకెట్లు తలమీద గుమ్మరించుకున్నాడు. ఇక రాడనుకున్నాను. సాయంత్రం వేలికి కట్టు కట్టుకుని మళ్ళీ వచ్చాడు.

నవమి నాడు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు ప్రయత్నించాడు. నోరు తెరుచుకోలేదు. "ఇంకొక్క రోజే ఉందండీ" అని నాతో అన్నాడు. దీక్ష అని పేరు పెట్టింది తనే కదా. ఆ పేరుతో ఒక మనిషి ఎండిపోయి చచ్చిపోతాడేమోనన్న భయం అతన్ని నిలవనివ్వడం లేదు. అన్నం కూడా సరిగా తినలేదు.

దశమి తెల్లవారుతుండగా ఏం తోచిందో, పెదవులు తుడుస్తూ గవరయ్య గారు పాడే తత్వం ఒకటి ఎత్తుకున్నాడు. సోమలింగం ఎన్ని విద్యలు నేర్చినా పాట మాత్రం అతని జోలికి రాలేదు. రెండో చరణం దగ్గర శ్రుతి ఎటో కొట్టుకుపోయింది. గవరయ్య గారు నొసలు ముడిచారు. ఎడమ చేత్తో ఆపమని సైగ చేశారు. సోమలింగం ఆపలేదు, ఇంకా గట్టిగా పాడాడు. ఇక భరించలేక ఆయన పెద్దగా నోరు తెరిచి "ఆఁ" అని శ్రుతి అందించారు.

పైడమ్మ చటుక్కున టార్చి వేసింది. పైదవడ మీద ఇనప తీగ మెరిసింది.

"కట్టుడు పళ్ళు!" అంది.

మాకెవరికీ తెలియదు. గవరయ్య గారి పైవరస పళ్ళలో చాలావరకు సొంతవి కావని ముప్పై ఏళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు. తర్వాత ఆయన సైగలతో చెబితే తెలిసింది, రాత్రి తలుపేసుకుని తీసి కప్పులో వేసుకునేవారట, పొద్దున్నే పెట్టుకుని బయటికి వచ్చేవారట. పక్షవాతం వచ్చిన రోజు నోట్లో ఉన్నవి అలాగే ఉండిపోయాయి. ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు, మేం చూడలేదు. పాచి గడ్డకట్టి, చిగురు వాచి తీగను కప్పేసింది. అంగిలంతా పుండు. ఒక్కో చెంచా అంబలి ఆ పుండు మీద ఎలా పడి ఉంటుందో! మేం దాని చుట్టూ తాళాలు వాయించాం.

సోమలింగం చెయ్యి ముందుకు చాచాడు. పైడమ్మ ఆపింది. "లాగీకండి! సిగురు అల్లుకుపోనాది. డాట్రమ్మ రావాల."

మధ్యాహ్నానికి పట్నం నుంచి పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. గేటు దగ్గర సన్యాసినాయుడు గారు అడ్డం నిలబడ్డారు.

"ఏటండీ ఇది? ఇన్ని ఊళ్ళకి చెప్పాం. రేపు బస్సుల్లో జనం వస్తారు. దీక్ష భంగం చేస్తే ఏటనుకుంటారు?"

"దీక్ష అన్నది నేను" అన్నాడు సోమలింగం. "నాది తప్పు. ఆయన తినలేక మానేశారు. వచ్చినవాళ్ళందరికీ ఆ మాట నేనే చెబుతాను, పక్కకు తప్పుకోండి." తప్పుకునే లోపే ఫ్లెక్సీ తాళ్ళు తెంపి కిందికి లాగేశాడు. అంత గట్టిగా మాట్లాడగలడని నేనెన్నడూ అనుకోలేదు. నాయుడు గారు కూడా అనుకోలేదేమో, గేటు వదిలి పక్కకు జరిగారు.

డాక్టరమ్మ మొద్దుబారే మందు రాసి, ఓపిగ్గా అరగంటలో పళ్ళు బయటికి తీసింది. గవరయ్య గారి కళ్ళవెంట నీళ్ళు కారాయి, కానీ సోమలింగం చెయ్యి వదల్లేదు. పుండుకు మందు ఇచ్చి ఆమె అంది, "ఇన్నాళ్ళ పాచి ఊపిరితిత్తుల్లోకి దిగితే జ్వరం పట్టుకునేది. ఈ వయసులో, ఈ నీరసంలో తట్టుకునేవారు కాదు. చిగురు మానేదాకా కట్టుడు పళ్ళు పెట్టొద్దు. తర్వాత కూడా రాత్రి తప్పకుండా తీసి కడగాలి. మిగిలిన పళ్ళు, నాలుక, బుగ్గల లోపల రెండు పూటలా శుభ్రం చెయ్యాలి. ఒక్క పూట కూడా మానకూడదు. ఎవరు చేస్తారు?"

సోమలింగం బ్రష్షు చేతిలోకి తీసుకున్నాడు.

"నేను" అన్నాడు.

మర్నాడు ఏకాదశి. ఆశ్రమమంతా కటిక ఉపవాసం. తిన్నది ఒక్క గవరయ్య గారే. చల్లార్చిన పల్చటి చోడి అంబలిని చెంచా చెంచాగా, మింగాక ఆగి మళ్ళీ, గంటసేపు తాగారు. ఖాళీ గిన్నె నా చేతికి వచ్చినప్పుడు పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. బస్సుల్లో వచ్చిన జనానికి సోమలింగం గేటు దగ్గర నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. కొందరు తిట్టారు. ఒక ముసలామె మాత్రం, మా ఆయన కూడా అన్నం ముట్టడం లేదు బాబూ, ఎలా చూడాలో చెప్పమని అతని చెయ్యి పట్టుకుంది.

అమావాస్య వెళ్ళిన నాలుగో రోజు సాయంత్రం సోమలింగం గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొరుకుడు గాయం మచ్చ కట్టింది.

"మీరు చెప్పినట్టే అడిగి వచ్చాను. గవరయ్య గారిది వైరాగ్యం కాదు, నొప్పి. ఆయనకు ఆకలుంది, పాట మీద మమకారం ఉంది, నా శ్రుతి మీద కోపం కూడా ఉంది. అయితే నా ప్రశ్న అలాగే ఉండిపోయింది కదండీ. వైరాగ్యం నేను ఎవర్ని చూసి నేర్చుకోవాలి?"

అంతలో ఉత్తరపు గదిలోంచి టకటకమని చప్పుడు. నోరు కడిగే వేళ దాటితే గవరయ్య గారు మంచం పట్టీ మీద బ్రష్షు పిడితో అలా కొడుతున్నారు.

గురువుగారు అటు చెవి పెట్టి నవ్వారు.

"పిలుస్తున్నాడు, ముందు అది చూసి రా. తిరిగొచ్చేసరికి ప్రశ్న ఇంకా మిగిలి ఉంటే అప్పుడు అడుగుదువుగాని."