మొలకమూటల అమ్మ

ఎర్రదొన గుట్టకు తూర్పున, మెట్ట చేల నడుమ వెలసిన మొలకమూటల అమ్మవారికి గోపురం లేదు, ప్రాకారం లేదు. నడుము సన్నగా ఉన్న మోకాలెత్తు నల్లరాయే అమ్మ మూలరూపం. ఉగాదికి ముందు వచ్చే మంగళవారం నాడు ఆ నడుము చుట్టూ తడిగుడ్డ మూటలు కట్టి ఉండడం భక్తులు చూడవచ్చు. ఈ ఆచారం ఎలా వచ్చిందో పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ ఏడిళ్ళ పల్లె ఉండేది. అందులో సుంకమ్మ ఇంటి కొర్ర విత్తనానికి గొప్ప పేరు. ఏరువాక నాడు తక్కిన ఆరిళ్ళవారూ ఆ ఇంటి విత్తును దోసెడు తీసుకుని, తమ విత్తులో కలుపుకున్న తరువాతే గొర్రు కట్టేవారు. వయసు మళ్ళిన సుంకమ్మ ఆ యేడు విత్తనాలు దాచిన సొరకాయ బుర్రలను కోడలు మద్దక్క చేతిలో పెట్టింది. వాటికి పురుగు పడుతుందేమోనన్న భయంతో మద్దక్క వాటిని సరిగ్గా పొయ్యికి పైనున్న దూలానికే వేలాడగట్టింది. చలికాలమంతా వాటికి పొగతో పాటు సెగ కూడా తగిలింది.

ఫాల్గుణంలో ఒక వాన పడింది. మద్దక్క భర్త ఈరన్న దుక్కికి నాగలి కట్టాడు. ఇంట్లో పెంట తోలడం, పలుపులు పేనడం మొదలయింది. మొలక చూడడానికి మద్దక్క ఇరవైయొక్క గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూటకట్టింది. మూడు రోజుల తరువాత విప్పి చూస్తే ఒక్క గింజా మొలకెత్తలేదు.

ఆమె ఆ గింజలను మళ్ళీ మూటకట్టి కొంగున ముడి వేసుకుంది. తరతరాల పేరు తన చేతిలో పోయింది. నోరు మెదపకుండా ఊరుకుంటే తప్పు వానమీదికి పోతుంది. కానీ ఆ చచ్చిన విత్తు ఆరిళ్ళ చేలలో కలిసి, వాటిని పలచబారుస్తుంది. ఆ మథనంతోనే భర్తకు సంగటి తీసుకువెళ్ళి, గట్టుమీద కూర్చుని కునుకు తీసింది. కలలో మట్టి అంటిన చేతులతో ఒక ముత్తైదువ కనబడి, "నీ మూట నా నడుముకు కట్టు. నలుగురిలో విప్పు" అన్నది. మద్దక్క ఉలిక్కిపడి లేచేసరికి ఈరన్న నాగలి కర్రు ఖంగున మోగింది. చాలులో నల్లరాయి నడుము దాకా బయటపడి ఉంది.

మద్దక్క పల్లెను పిలిచింది. తన మూటను రాతికి కట్టి, అందరి ఎదుటా విప్పి, జరిగింది చెప్పింది. సుంకమ్మ మరిది గిడ్డయ్య పకపకా నవ్వాడు.

"విత్తనం దాచమంటే పాయసం వండినావా ఏంది, కోడలా?"

సుంకమ్మ కర్ర ఊనుకుని ముందుకు వచ్చింది.

"నా కోడలు చచ్చిన విత్తును చచ్చిందని చెప్పింది. చెప్పకుండా విత్తి, వానను తిట్టిన మగాళ్ళ పేర్లు నేను చెప్పనా, మరిదీ?"

ఆరిళ్ళవారూ అప్పటికప్పుడు తమ విత్తును మూటలు కట్టి రాతికి చుట్టారు. మూడు రోజుల తరువాత విప్పగా నాలుగు మూటలు మొలిచాయి. మొలవని రెండింటిలో ఒకటి గిడ్డయ్యది. తడి ఆరకముందే కుండలో పోసినందున అతని విత్తు ముక్కిపోయింది.

"ఏం మరిదీ, మీ ఇంటా పాయసమేనా?" అన్నది సుంకమ్మ. ఈసారి మొదట నవ్వినవాడు గిడ్డయ్యే.

బతికిన విత్తునంతా ఒకచోట కుప్పపోసి ఏడు భాగాలు చేశారు. తొలి భాగాన్ని మద్దక్క కొంగులోనే పోశారు. ఏరువాకకు ఏడు చేలూ విత్తారు; ఏడు కళ్ళాలూ నిండాయి. పేరున్న విత్తు కన్నా పరీక్షకు నిలిచిన విత్తే గొప్పదని నాటినుంచి ఈ పల్లె తలెత్తుకుని చెప్పుకుంటుంది.

ఇప్పుడు ఇక్కడ నూటికి పైగా గడపలున్నాయి. మంగళవారం కట్టిన మూటలను శుక్రవారం ఉదయం అమ్మ ఎదుట, అందరూ చూస్తుండగా విప్పుతారు. ఎంత పెద్ద రైతైనా తన మూటను ఇంటి దగ్గర విప్పుకోరాదు. మూట మొలవని ఇల్లాలికే తొలి తీర్థం ఇచ్చి, తక్కినవారందరూ ఆమె ఒడిలో తలా ఒక గుప్పెడు విత్తు పోస్తారు. అలా ఒడి నిండిన ఇంట ఆ యేడు గాదె అడుగు కనబడదని పల్లె నమ్మకం. గుప్పెడు పోసిన ప్రతి ఇంటివారూ ఏరువాక వచ్చాక, తమ చేనికన్నా ముందు ఆమె చేలో ఒక చాలు తోలి వెళతారు.