ఈరమ్మ కళ్ళు

ఫోటోగ్రాఫర్ తిరుపాలుకు ఉన్నట్టుండి దయ్యాల సినిమాలు తీసే పిచ్చి పట్టింది. ఆ సినిమాలు సెన్సారు గడప తొక్కవు, థియేటర్లకు రావు. మూసిన గోడౌన్లలో, నమ్మకమైనవాళ్ళను పిలిచి గుట్టుగా చూపిస్తారు. చూసినవాళ్ళు ఎంత జడుసుకుంటే మనవాడు అంత మీసం మెలేస్తాడు.

కొత్త సినిమా మరునాడు హైదరాబాదులో వేస్తారనగా, ఆశీర్వాదం కోసం ఆదోని వచ్చాడు. కెమెరా పట్టుకోవడం నేర్పిన గురువు మస్తాన్ వలీ స్టూడియో అక్కడే.

"ఇందులో ఒక ముఖముంది మాస్టర్. అదొక్కటి చాలు, జనానికి చెమటలు పడతాయి," అని ఫోన్ చేతికిచ్చాడు.

వలీ చూశాడు. గోడకు వేలాడే ఫోటోలో ఒక ముసలామె. ఆమె కళ్ళలోంచి నెత్తురు కారుతోంది.

ఆ ముఖం ఆయనకు తెలుసు. ఒకప్పుడు బీదవాళ్ళు బతికుండగా ఫోటో దిగేవాళ్ళు కాదు. మనిషి పోయాకే స్టూడియోకి కబురొచ్చేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి తీసేవారు. తర్వాత ఫోటోలో మూసిన రెప్పల మీద సన్న కుంచెతో కళ్ళు గీసి ఇచ్చేవారు. ఈ ముసలామె పేరు ఈరమ్మ; ఆమెకు అలా కళ్ళు గీసింది అప్పట్లో వలీ దగ్గర పని నేర్చుకుంటున్న తిరుపాలే. ఒక కాపీ తన దగ్గర దాచుకున్నాడు.

"వాళ్ళింట్లో ఎవుర్నన్నా అడిగినావా?"

"పాత ఫోటోనే గదా మాస్టర్. ఎవురు గుర్తుపడతారు?"

వలీ టోపీ పెట్టుకుని, "రా" అని ముందు నడిచాడు.

వెనక వీధిలోనే ఈరమ్మ కూతురు సుంకమ్మ ఇల్లు. "రాండి సాయిబూ" అంటూ చాప పరిచింది. గోడకు అదే ఫోటో, దానికి తాజా కనకాంబరాలు.

"మీయమ్మకు కండ్లు గీసింది ఈ పిల్లోడే," అన్నాడు వలీ.

సుంకమ్మ తిరుపాలు రెండు చేతులూ పట్టేసుకుంది.

"నువ్వేనా నాయనా! మాయమ్మ పోయినప్పుడు నేను ఊర్లో లేను. కడసారి చూపు గూడా దక్కల్యా. ఈ కండ్లే నాకు దిక్కు. పొద్దున లేస్తూనే ఆయమ్మతో మాట్లాడతా. ఒగోసారి కోప్పడినట్టు గూడా చూస్తాది," అని నవ్వింది.

తిరుపాలుకు చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది. ఆమె వదల్లేదు. ఆ ఫోటో వైపు తలెత్తలేకపోయాడు.

"ఇప్పుడేం చేస్తాండావు నాయనా?" అని అడిగింది సుంకమ్మ.

తిరుపాలు చెప్పొద్దని వేడుకుంటున్నట్టు గురువు వైపు చూశాడు.

"ఇంగా నేర్చుకుంటాండాడులేమ్మా," అన్నాడు వలీ.