క్యారేజీకి వెళ్లిన డ్రైవరు

కోటిలింగం మాస్టారు ప్రశ్నకి జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు. పని సరిగ్గా చేస్తే జవాబు అందులోనే దొరకాలి. దొరక్కపోతే వాడు అడగడమే దండగని ఆయన లెక్క. పాల డెయిరీలో కంప్యూటర్లు ఆయన చేతి మీదుగానే మొదలయ్యాయి. ఇప్పుడు కంటి ఆపరేషనుకి వెళ్లాలి. సర్వరు ఎవరికి అప్పగించి వెళ్తారో చెప్పమని మేనేజరు అడిగాడు. ఆయన నోట తన పేరే వస్తుందని శిష్యుడు కిరీటి ఆశపడ్డాడు.

అడ్డం ఒక్కటే. నెల రోజులుగా కరెంటు పోయి వస్తే చాలు, డేటాబేసు సర్వరు లేవడం లేదు. పని చేయడానికి తాను అరువు తెచ్చుకునే లైబ్రరీ ఫైలు కనబడలేదని తెర మీద ఒక వాక్యం పడేసి ఊరుకుంటోంది. కిరీటి వచ్చి తన లాగిన్‌తో నడిపితే మాత్రం చక్కగా లేస్తుంది. దాంతో అందరూ అతన్నే పిలిచేవారు. పిలిపించుకోవడం అతనికీ బాగానే ఉండేది. కానీ శుక్రవారం అతను ఎవరిదో పెళ్లిలో ఉన్నాడు, బాజాల్లో ఫోను వినబడలేదు. కరెంటు పోయి వచ్చాక సర్వరు లేవలేదు; తూకం చీటీ రాక పాలక్యాన్లు గేటు దగ్గరే ఎండలో నిలబడిపోయాయి. పరుగెత్తుకొచ్చిన కిరీటి కాళ్ల ముందే, పాలు పోసే సామ్రాజ్యమ్మ విరిగిన పాలు ఒంపేసి, "ఇప్పుడు నొక్కు నాయనా నీ బటను" అంది. మాస్టారు ఆ మాట విన్నారు. ఆయన విన్నవి మరిచిపోరు.

సోమవారం భోజనాల వేళ కిరీటి ఉండబట్టలేక అడిగాడు. "మాస్టారూ, ఫైలు ఫోల్డరులోనే ఉంది, నా కళ్లతో చూశాను. ఉన్నదాన్ని పట్టుకుని లేదంటుందేమిటండీ ఇది?"

మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆకలేస్తోంది. కొత్త ట్యాంకరు డ్రైవరున్నాడే, మస్తాను, అతన్ని మా ఇంటికి పంపి క్యారేజీ తెప్పించు" అన్నారు.

కిరీటి చిన్నబుచ్చుకుని బయటికి వెళ్లాడు. నిన్ననే పనిలో చేరిన మస్తానుకి తన బండి తాళం ఇచ్చి, "మాస్టారింటికెళ్లి క్యారేజీ పట్రా" అని విసురుగా చెప్పి లోపలికొచ్చేశాడు.

మూడు దాటాక మస్తాను చెమటలు కక్కుతూ వట్టి చేతులతో వచ్చాడు. "మాస్టారిల్లంటే ఇద్దరు బడిపంతుళ్ల ఇళ్లు చూపించారు సార్. రెండుచోట్లా క్యారేజీ లేదన్నారు."

"లేకపోవడమేంటయ్యా! వారానికి రెండుసార్లు నేను తినే ఇల్లు. ఐస్‌ఫ్యాక్టరీ వెనక సందులో, కుట్టుమిషన్ల కొట్టు పైన!"

"అవన్నీ మీ దగ్గరే అట్టిపెట్టుకుని నన్ను పంపారా సార్?"

కిరీటికి ఒళ్లు మండింది. "ఇటివ్వు తాళం. నేనే తెస్తాను."

"ఆగు" అన్నారు మాస్టారు. "నువ్వెళ్తే దొరుకుతుందని నాకూ తెలుసు."

కిరీటి నిలబడిపోయాడు. కిందటి నెల లైబ్రరీలని కొత్త ఫోల్డరులోకి మార్చింది తనే. ఆ దారిని తన లాగిన్ సెట్టింగుల్లో రాసుకున్నాడు. సర్వరు తనంతట తాను లేచేటప్పుడు చదువుకునే చోట రాయలేదు. ముందు మస్తానుకి మలుపులతో సహా చెప్పి పంపాడు. ఆ తరవాత కూర్చుని సర్వరుకి చెప్పాడు.

"మిషను ఆపి మళ్లీ వెయ్యి. వేసి బయటికి పో. నువ్వు దేన్నీ ముట్టుకోవద్దు" అన్నారు మాస్టారు.

అప్పటికే సాయంత్రప్పాలు రావడం మొదలైంది. కిరీటి గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సామ్రాజ్యమ్మ క్యాను కాటా మీద పెట్టి, "ఏం, ఇవాళా ఒంపమంటావా?" అంది. కాసేపటికి చీటీ బయటికొచ్చింది. ఆవిడ చింపుకుని, అతని వైపు మళ్లీ చూడనైనా చూడకుండా వెళ్లిపోయింది. వెనక ఇంకో క్యాను కాటా ఎక్కింది. అతన్ని ఎవరూ పిలవలేదు. అది అతనికి కొంచెం వెలితిగానే తోచింది.

లోపలికొచ్చేసరికి మాస్టారు క్యారేజీ విప్పుకుని తింటున్నారు. కిరీటి గొంతు సవరించుకుని, "మేనేజరుగారికి ఏం చెప్తారు మాస్టారూ?" అన్నాడు.

"చెప్పేశాను. సర్వరు నీదే." మాస్టారు పెరుగన్నం కలుపుకున్నారు. "రేపు నేను ఆస్పత్రికి పోతున్నా. నువ్వు కూడా రెండు రోజులు ఎక్కడికైనా పోయిరా అబ్బాయ్."