కార్పెట్ కింది బొత్తాం

“దొంగను తప్ప ఇంకెవరినీ ఆపని సర్క్యూట్ కట్టడం ఎలా మాస్టారూ?” అని ఒక సాయంత్రం జోగేశ్వరరావు అడిగాడు.

సైదులు మాస్టారిది బెజవాడ ఆటోనగర్‌లో కార్ల కరెంటు పని. కారులో రహస్య స్విచ్చి పెట్టినప్పుడల్లా, ఇంట్లో బండి తోలేవాళ్లందరినీ పిలిపించి, ఒక్కొక్కరి వేలూ పట్టుకుని దానిమీద పెట్టించందే ఆయన ఆఖరి మర బిగించరు. ఆఫీసు అయ్యాక సరదాకొద్దీ వచ్చి పని నేర్చుకునే జోగేశ్వరరావుకు ఈ పద్ధతి చాదస్తంగా తోచేది. ఆరు చెవుల్లో పడ్డ రహస్యం దాగుతుందా అని లోలోపల నవ్వుకునేవాడు.

అందుకే సొంత కారుకు తన పద్ధతిలోనే కట్టుకున్నాడు. కార్పెట్ కింద చిన్న బొత్తాం ఒకటి. అది నొక్కకుండా బయల్దేరితే బండి కాసేపు బుద్ధిగా నడుస్తుంది, తర్వాత పెట్రోలు అందక ఆగిపోతుంది. దొంగ నడిరోడ్డు మీద బిక్కమొహం వేయాలని అతని సరదా. ఆ సంగతి భార్య సుభాషిణికి కూడా చెప్పలేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని అతని నమ్మకం. ఆమె కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుందన్నది మాత్రం అతనికి పట్టలేదు.

దొంగ ఇప్పటిదాకా రాలేదు. తెనాలి నుంచి కబురు వచ్చింది, సుభాషిణి అమ్మకు చివరి ఘడియలని. భర్తకు ఫోను చేస్తే ఎత్తలేదు. సుభాషిణి తనే కారు తీసింది. కృష్ణ వారధి మీద బండి ఆగింది. మళ్లీ స్టార్టు చేసింది, మళ్లీ ఆగింది. కారు అక్కడే వదిలేసి బస్సెక్కి వెళ్లేసరికి అమ్మ మాట పడిపోయింది. తెల్లారేసరికి ప్రాణమూ పోయింది.

జోగేశ్వరరావు కుమిలిపోయాడు. అయినా నిజం నోటిదాకా వచ్చి ఆగింది. “కొత్త చెయ్యి కదా, క్లచ్చి సరిగా వదల్లేదేమో” అన్నాడు భార్యతో. ఆ మాట అన్నందుకు తనను తాను తిట్టుకోని రోజు లేదు, దిద్దుకున్న రోజూ లేదు.

ఆ ప్రశ్న అడిగిన సాయంత్రమే ఇదంతా మాస్టారి ముందు కక్కేసి, సర్క్యూట్‌లో తప్పు ఎక్కడుందో చెప్పమన్నాడు. మాస్టారు, మీ ఇంట్లో టీ తాగి చాలా రోజులైంది పద అన్నారు.

టీ సగం తాగాక, ఏమీ ఎరగనట్టు, తనను ఆటోనగర్ గేటు దాకా కార్లో దింపి రమ్మని సుభాషిణిని అడిగారు. ఆమె తాళాల వంక చూసింది, ముట్టుకోలేదు.

“నేను మానేశాను బాబాయిగారూ. నాకు చేతకాదు. చేతనైతే అమ్మ నాతో మాట్లాడే పోయేది.”

జోగేశ్వరరావు తల ఎత్తలేదు.

మాస్టారు గ్లాసు కింద పెట్టి లేచారు. “సర్క్యూట్ సంగతి తర్వాత చూద్దాం జోగేశ్. ముందు అమ్మాయికి ఆ బొత్తాం చూపించు.”

“ఏ బొత్తాం?” అంది సుభాషిణి, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

మాస్టారు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నారు: “అది అతనే చెప్పాలమ్మా. అక్కడ నా పనితనం పనికిరాదు.”