చిప్పల పొడి గాజులు

వీరగిరి రాజ్యంలో పైడమ్మ అనే ముసలామె లక్కగాజులు చేసి అంగడిలో అమ్మేది. ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. జనం పెరళ్ళలో పారేసిన కొబ్బరిచిప్పలు ఏరుకొచ్చి, కాల్చి పొడిచేసి లక్కలో కలిపేది. దాంతో గాజుకు గట్టిదనమూ, నేరేడుపండు రంగూ వచ్చేవి. చెత్త ఏరే మనిషని ఊళ్ళో ఎవరూ ఆమె గడప తొక్కేవారు కాదు.

ఒకనాడు అంగడి అధికారి కేసన్న ఆమెను రాజుగారి ముందు నిలబెట్టాడు. "లక్కలో చెత్త కలుపుతోంది ప్రభూ! దీని కుంపటి ఆర్పించాలి."

కుంపటి ఆరితే ఆమెకు కూడు లేదు. పైడమ్మ రెండు గాజులు తీసింది. "ఇది ఉత్త లక్క, ఇది నా కల్తీ. అయ్యగారు రెండు గుప్పిళ్ళలో ఒక్కోటి పట్టుకుని, ఎండలో నిలబడి, కల్తీ ఎంత పాపమో అందరికీ వినిపించాలి."

కేసన్నకు ఉపన్యాసమంటే ప్రాణం. మొదలుపెడితే ఆపడు. ముగించేసరికి ఉత్త లక్క గాజు మెత్తబడి వేళ్ళకు అతుక్కుపోయింది. రెండోది చెక్కుచెదరలేదు.

రాజు నవ్వి, "ఏం కావాలో కోరుకో అవ్వా" అన్నాడు.

"ఇకమీదట చిప్పలు నేను ఏరను దొరా. ఎవరింటివి వాళ్ళే తెచ్చివ్వాలి."

"చూశారా దీని పొగరు!" అన్నాడు కేసన్న, వేళ్ళు విడదీసుకుంటూ.

"పొగరు కాదయ్యా. తెచ్చినవాళ్ళు కాసేపు కూర్చుంటారని."